పంటి ఎక్స్‌రే యంత్రం: పుట్టుక నుంచి తుక్కు దాకా

1895 నవంబరులో జర్మనీలో విల్హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. కొద్ది వారాలకే, 1896 జనవరిలో, బ్రౌన్‌ష్వైగ్ నగరపు దంతవైద్యుడు ఒట్టో వాల్ఖోఫ్ వాటితో తన పళ్ల చిత్రాన్నే తీయించుకున్నాడు. 25 నిమిషాలు కదలకుండా ఉండాల్సి వచ్చింది. ఇప్పుడా పని సెకనులో కొద్ది భాగంలోనే అయిపోతుంది.

ఆ తొలి రోజులు బలి కోరాయి. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు ఏళ్ల తరబడి కిరణాలకు తన చేతిని అడ్డుపెట్టాడు. క్యాన్సర్ వచ్చింది. ముందు వేళ్లు, తర్వాత చేయి తీసేశారు. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. బోస్టన్ దంతవైద్యుడు విలియం రోలిన్స్ ఈ కిరణాలు గినీ పందులను చంపగలవని 1901లోనే చూపాడు. కిరణాలు పుట్టే గొట్టానికి సీసపు తొడుగు వేయమనీ, కిరణపుంజాన్ని సన్నం చేయమనీ చెప్పాడు. ఆ మాట చాలా కాలం ఎవరి చెవికీ ఎక్కలేదు. కెల్స్ కథ చదివినవారికి ఆ నిర్లక్ష్యం మరింత బాధ కలిగిస్తుంది.

1913లో విలియం కూలిడ్జ్ చేసిన గొట్టం యంత్రానికి నిలకడ తెచ్చింది. వేడెక్కిన తీగ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడతాయి. వేల వోల్టుల ఒత్తిడితో అవి టంగ్‌స్టన్ ఫలకాన్ని ఢీకొంటాయి. ఆ శక్తిలో దాదాపు ఒక శాతమే ఎక్స్ కిరణాలవుతుంది, మిగిలినదంతా వేడి. అందుకే గొట్టాన్ని నూనెలో ముంచుతారు; కిరణాలు పక్కలకు పోకుండా చుట్టూ సీసం కప్పుతారు.

ఈ యంత్రంలో రేడియోధార్మిక పదార్థమేదీ లేదు. కరెంటు ఆగగానే కిరణాలూ ఆగుతాయి. కాబట్టి జాగ్రత్తంతా మీట నొక్కే ఆ క్షణంలోనే ఉండాలి. ఎక్స్‌రే అవసరమైతేనే తీయాలి. ఫిలింను గానీ సెన్సార్‌ను గానీ హోల్డర్‌తోనో రోగి వేలితోనో నిలపాలి తప్ప సిబ్బంది పట్టుకోకూడదు. మీట నొక్కేవారు కనీసం 2 మీటర్ల దూరంలో, కిరణాల దారికి పక్కగా నిలబడాలి. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పుంజాన్ని దీర్ఘచతురస్రంగా కుదిస్తే రోగికి అందే మోతాదు కూడా బాగా తగ్గుతుంది. ఈ పద్ధతులు కుదురుకున్నాక, రోగికి కప్పే సీసపు ఏప్రాన్ ఇక అక్కర్లేదని 2024లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ సిఫారసు చేసింది. భారత్‌లో మాత్రం అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలనే అనుసరించాలి.

యంత్రం పాతబడ్డాక సమస్య వేరు. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో రేడియోధార్మిక కోబాల్ట్-60 ఉన్న పరికరాన్ని విప్పడంతో ఒకరు చనిపోయారు. ఎక్స్‌రే యంత్రంతో అలాంటి ముప్పు లేదు. అయితే పనిచేసే గొట్టాన్ని అలాగే అమ్మేస్తే, ఎవరైనా కరెంటు కలిపిన రోజున అది మళ్లీ కిరణాలు చిమ్ముతుంది. అందుకే మండలికి తెలియజేసి, మళ్లీ వాడలేకుండా తీగలు తెంచి, గొట్టాన్ని పనికిరాకుండా చేశాకే తుక్కుకు పంపాలి. సీసం, నూనె అధీకృత పునర్వినియోగ సంస్థలకు చేరాలి. చాలా పాత యంత్రాల నూనెలో పీసీబీలనే విషపదార్థాలు ఉండవచ్చు. ఫిలిం వాడే క్లినిక్‌లలో ఫిలిం పొట్లంలోని సీసపు రేకునూ, వెండి కరిగిన ఫిక్సర్ ద్రావణాన్నీ కూడా కాలువలోకో చెత్తబుట్టలోకో పోనివ్వక, విడిగా పోగుచేసి అప్పగించాలి.