సన్నని చారల వేట

1947 ఈస్టర్ నాటికి ఇంగ్లండ్‌లోని రగ్బీలో పనిచేస్తున్న డెనిస్ గాబర్‌ను ఒక చిక్కు పట్టి పీడిస్తోంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పరమాణువుల దాకా వెళ్లే సత్తా ఉంది, కానీ దాని అయస్కాంత కటకాల లోపం బొమ్మను మసకబారుస్తోంది. కటకాన్ని దిద్దలేకపోతే, ఆ మసక తరంగాన్నే తీవ్రత, దశ రెండూ పోకుండా పట్టుకుని తర్వాత సరిచేసుకుంటే? హోలోగ్రఫీ అలా పుట్టింది. అంటే అది పుట్టిందే స్పష్టత కోసం!

దశను, అంటే తరంగం తన ఎత్తుపల్లాల్లో ఏ చోట ఉందో దాన్ని, ఫిలిం నేరుగా గుర్తించలేదు. అందుకే వస్తువు నుంచి వచ్చే తరంగంతో మరో తరంగాన్ని కలుపుతారు. రెండూ కలిసినచోట చీకటి వెలుగుల చారలు పడతాయి. దశ అంతా ఆ చారల్లోనే దాగుంటుంది. లేజర్ వచ్చాక, 1962లో లీత్, ఉపాట్నిక్స్ రెండో కిరణాన్ని ఏటవాలుగా పంపి, గాబర్‌ను విసిగించిన, ఒకదానిపై ఒకటి పడే జంట బొమ్మలను విడదీశారు. వాలు పెరిగేకొద్దీ చారలు సన్నబడతాయి. మిల్లీమీటరుకు వేల చారలున్నా హోలోగ్రఫీ ఫిలిం తట్టుకుంది.

1967లో గుడ్‌మన్, లారెన్స్ ఆ చారల నమోదు నుంచి, అంటే హోలోగ్రామ్ నుంచి, బొమ్మను రాబట్టే పనిని కంప్యూటర్‌కు అప్పగించారు. 1994లో ష్నార్స్, యూప్ట్‌నర్ సీసీడీ కెమెరాతో హోలోగ్రామ్‌ను నేరుగా నమోదు చేశారు. ఫిలిం కడిగే పని తప్పింది, స్పష్టత మాత్రం పడిపోయింది. ఒక్కో చారను పోల్చుకోవాలంటే కనీసం రెండు పిక్సెళ్లు కావాలి. పిక్సెల్ 5 మైక్రాన్లయితే మిల్లీమీటరుకు 100 చారలే దక్కుతాయి. ఎర్ర లేజర్‌తో రెండు కిరణాల మధ్య కోణం 3.6 డిగ్రీలు దాటకూడదు. దాటితే, సినిమాలో బండిచక్రం వెనక్కి తిరిగినట్టు, దొంగ చారలు కనిపిస్తాయి. పైగా 5 మిల్లీమీటర్ల సెన్సర్ అర మీటరు దూరం నుంచి చూడగలిగే వివరం సుమారు 63 మైక్రాన్లు, దాదాపు తలవెంట్రుక మందం.

కంప్యూటర్‌లో హోలోగ్రామ్ చుట్టూ సున్నాలు పేర్చి బొమ్మను పెద్దది చేయడం నా దృష్టిలో స్పష్టత పెంచడం కాదు. అది ఉన్నదాన్నే సాగదీయడం. కొత్త సమాచారం రావాలంటే ఏదో ఒకటి కదలాలి. కాలిఫోర్నియాలో ఆయ్‌డోగన్ ఓజ్‌కాన్ బృందం కటకంలేని మైక్రోస్కోపులో దీపాన్ని కొద్దికొద్దిగా జరిపి, సెన్సర్‌పై నీడను పిక్సెల్‌లో కొంత వంతు మాత్రమే కదిలించింది. అలాంటి హోలోగ్రామ్‌లు కొన్నింటిని కలిపితే సన్నటి గళ్లున్న సెన్సర్‌తో తీసినట్టే ఉంటుంది.

మరో దారి సెన్సర్‌నే పక్కకు జరుపుతూ ముక్కలుగా నమోదు చేయడం. మామూలు ఫోటోలను అతికిస్తే బొమ్మ వెడల్పవుతుందంతే. హోలోగ్రామ్ ముక్కల్లో దశ కూడా ఉంది కాబట్టి, అవి కలిసి ఒకే పెద్ద కటకంలా పనిచేస్తాయి, సన్న వివరాలు తేలతాయి. కానీ దానికి ముక్కల దశలు ఒకదానితో ఒకటి కుదరాలి. అందుకే పక్కపక్క ముక్కలు అంచుల్లో కాస్త ఒకదానిపై ఒకటి పడేలా తీస్తారు. ఆ అంచుల్లో రెండింటి దశలనూ పోల్చి, తేడాను సరిదిద్దాకే అతికిస్తారు.