పొలం ఎవరి పేరు మీద ఉన్నది?
ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట గ్రామాల్లో కుటుంబము, ఆస్తి

ఒక వేసవి సాయంకాలం ఆత్మకూరుకు పడమటగా ఉన్న ఒక చిన్న గ్రామంలో ఇంటి ప్రార్థనకు వెళ్ళాము. ఊరి పేరుగాని, ఆ ఇంటివారి పేర్లుగాని ఇక్కడ వ్రాయము. ఇటువంటి ఇల్లు మన సంఘాలన్నిటిలోనూ ఉన్నది గనుక, ఇది తమ ఇంటి సంగతే అని పాఠకులలో చాలామంది అనుకోవచ్చు.

ప్రార్థన ముగిసి అందరూ మజ్జిగ త్రాగుచుండగా, ఆ ఇంటి తల్లి లోపలికి వెళ్ళి పాత రేకు పెట్టె తెచ్చి మా ముందు పెట్టింది. భర్త చనిపోయి రెండేండ్లయినది. ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. కుమార్తెను వింజమూరు వైపు ఇచ్చారు. పెట్టెలో బైబిలు, భర్త ఫొటో, వాటి క్రింద గుడ్డలో మూటగట్టిన కాగితాలు ఉన్నాయి. విప్పి చూస్తే అన్నీ పాత శిస్తు రసీదులు.

“అయ్యగారూ, పొలం మాదేనని చెప్పేదానికి ఇవి చాలు గదా?” అని ఆమె అడిగింది.

పొలం ఎవరి పేరు మీద ఉన్నదని మేము అడిగాము.

“ఇంకెవరి పేరు? మా మామ పేరు మీదనే ఉండాది. ఆయన పొయ్యి పదహైదేండ్లాయె.”

ఆరెకరాల పట్టా భూమి. మామ చనిపోయిన తరువాత అన్నదమ్ములిద్దరూ పెద్దమనుషుల ఎదుట చెరి మూడెకరాలు అనుకొని, గట్టు వేసుకొని సేద్యం చేసుకొన్నారు. కాగితం వ్రాసుకోలేదు. ఇప్పుడు పెద్దకొడుకు బోరు వేయడానికి అప్పు కోసం బ్యాంకుకు వెళితే, పాసుపుస్తకం నీ పేరు మీద లేదని తిప్పి పంపారు. కూతురు తన వాటా సంగతి ఒకసారి అడిగినందుకు అన్నదమ్ములకు కోపం వచ్చింది. ఆ మాట తరువాత రెండు క్రిస్మసులు గడిచినా ఆమె పుట్టింటి గడప త్రొక్కలేదు.

“నేనే వద్దన్నానయ్యా. పెండ్లికి అంత పెట్టినాము, ఇంకా ఏందమ్మా నీకు అన్నాను” అని ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకొంది.

మన మెట్ట నేల, మన పితరుల చెమట

మన నెల్లూరు జిల్లా పడమటి భాగం మెట్ట ప్రాంతం. సోమశిల దగ్గర పెన్నకు అడ్డంగా కట్టిన 78 టి.ఎం.సి.ల జలాశయం మనకు చేరువలోనే ఉన్నా, దాని నీటిలో పెద్ద పాలు దిగువనున్న డెల్టా పొలాలకు పోతుంది. మర్రిపాడు, ఉదయగిరి, సీతారామపురం వైపు రైతు మాత్రం ఆకాశం వంక, చెరువు వంక, బోరు వంక చూడవలసినదే. కార్తీకంలో తుపాను వానలు పడితే పంట, లేకుంటే గొర్రెలే దిక్కు. ఇటువంటి చోట ఎకరం భూమి అంటే ధనం అని ఎవరూ అనుకోరు. అది పిల్లల చదువుకు చేసే అప్పుకు పూచీ, ముసలితనంలో ఒక ముద్ద, ఊరిలో తల ఎత్తుకొని నడిచే గౌరవం.

మన సంఘాలలో పెక్కు కుటుంబాలకు ఈ గౌరవం సులువుగా రాలేదు. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో పని ప్రారంభించాడు. తరువాతి దశాబ్దాలలో ఆ పని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు వ్యాపించింది. ఆ రోజులలో వాక్యాన్ని అంగీకరించిన వారిలో ఎక్కువమంది జీతగాండ్రు, కూలివారు. 1876–78 నాటి ఘోరమైన కరువులో తినడానికి గింజలేక అల్లాడినవారు. ఇతరుల పొలం దున్నుతూ బ్రతికిన ఆ తరాలవారికి స్వంత నేల ఒక కల. తరువాత ఒకరు కూలి కూడబెట్టి కొన్నారు. మరొకరికి ప్రభుత్వం బంజరులో డి.కె.టి. పట్టా ఇచ్చింది, ఇంకొకరు రాళ్ళు ఏరి, తుమ్మచెట్లు కొట్టి నేలను సాగులోకి తెచ్చారు. తాతలు అంత కష్టపడి సంపాదించిన దానిని మనుమలు కాగితం లేక పోగొట్టుకోవడం న్యాయమా?

శిస్తు రసీదు, పట్టా ఒకటి కాదు

శిస్తు కట్టిన రసీదు మనం ఆ పొలం అనుభవిస్తున్నామనడానికి ఒక సాక్ష్యమే గాని, హక్కు పత్రం కాదు. ఈ పొరపాటు మన ఊరికే చెందినది కాదు. దూరాన ఇండోనేషియా దేశంలో, జావా దీవి గ్రామాలలో, చాలా కుటుంబాలకు అర హెక్టారు వరిపొలమైనా లేదు. మన లెక్కలో అర హెక్టారంటే ఎకరంపావు. అక్కడ కూడా తరతరాలుగా పన్ను చీటీనే పట్టాగా భావించి దాచుకొన్న రైతులు ఎందరో ఉన్నారు. ఆ దేశం 1960లో భూమి చట్టం చేసి, హక్కు నమోదు చేయించుకోవాలని చెప్పింది. అయినా ఊరిలో ఒకరి మాట ఒకరు నమ్ముకొని, కాగితం తరువాత చూసుకొందామనుకోవడం అక్కడా ఉన్నది, ఇక్కడా ఉన్నది.

మన రాష్ట్రంలో పట్టాదారు పాసుపుస్తకాల చట్టం 1971లో వచ్చింది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినది. అంతకు ముందు ఏ పొలం ఎవరిదో కరణంగారికి నోటికి వచ్చేది. ఇప్పుడు అడంగలు, 1-బి లెక్కలే మాట్లాడతాయి. అక్కడ తాత పేరు ఉంటే, బ్యాంకుకు గాని, భూసేకరణ అధికారికి గాని తాతే యజమాని. సోమశిల జలాశయం నిండినప్పుడు కడప జిల్లా గ్రామాలు ఎన్నో మునిగిపోయినవి. రేపు రోడ్డుకో, కాలువకో మన పొలం పోయినా పరిహారం ముందుగా వెదికేది కాగితం మీద పేరునే.

డి.కె.టి. పట్టా ఉన్నవారు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అమ్మడం, కొనడం 1977 చట్టం నిషేధించింది. వారసులకు మాత్రం అది సంక్రమిస్తుంది. 20 ఏండ్లు దాటిన పట్టాల విషయంలో 2023లో సవరణ వచ్చినది గాని, దాని అమలుపై తరువాత ప్రభుత్వ విచారణ జరిగింది. కాబట్టి ఎవరో చెప్పిన మాట విని తెల్లకాగితం మీద అమ్మకం వ్రాయవద్దు. తహసీల్దారు కార్యాలయంలో విచారించిన తరువాతే ఏదైనా చేయండి.

లెక్కలో రాని పేరు

మరల ఆ ఇంటికి వద్దాము. మాతో వచ్చిన సంఘ పెద్ద ఒకరు రెవెన్యూ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. ఆయన ఒక కాగితం అడిగి తీసుకొని మామగారి పేరు పైన వ్రాసి, “ఆయనకు బిడ్డలు ఎంతమందమ్మా?” అన్నారు.

“ఇద్దరు మొగబిడ్డలు.”

“ఆడబిడ్డలు లేరా?”

ఆమె కొంచెంసేపు మౌనంగా ఉండి, “మా ఆడబిడ్డ ఒకామె ఉండాది. కలిగిరి పక్కన ఇచ్చినారు. ఆమెకు కూడా ఉంటాదా?” అన్నది.

ఉంటుంది. భారత వారసత్వ చట్టం 1925లో వచ్చింది. క్రైస్తవుడు వీలునామా లేకుండా చనిపోతే, ఆ చట్టం ప్రకారం భార్యకు మూడింట ఒక వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలందరికీ సమానంగా చెందుతాయి. కొడుకు, కూతురు అనే భేదం లేదు. పెండ్లి అయినదా, కాలేదా అనే ప్రశ్న లేదు. బిడ్డ ముందే చనిపోయి ఉంటే ఆ బిడ్డ పిల్లలకు ఆ పాలు పోతుంది.

ఆ ఇంటి అత్త ముందే చనిపోయినది. కాబట్టి మామగారి ఆరెకరాలు ముగ్గురు బిడ్డలకు రెండేసి ఎకరాలు. ఈమె భర్త పాలు మూడెకరాలు కాదు, రెండు. ఆ రెండెకరాలలో ఈమెకు సుమారు 67 సెంట్లు. ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా సుమారు 44 సెంట్లు.

ఆమె ఆ కాగితం వంక చాలాసేపు చూసింది. అంతవరకు తన కూతురిని కాదన్న బాధ ఒకటే ఆమెకు ఉన్నది. తన ఆడబిడ్డ పాలు తామే ఇన్నాళ్ళు దున్నుకొన్నామని ఎప్పుడూ తోచలేదు. “ఆమె ఒక్కమాట కూడా అడగలేదయ్యా” అన్నది. అడగనివారికి హక్కు లేదని మనం అనుకొంటాము. ఆ ఆడబిడ్డ అడగకపోవడానికి కారణం పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందనే భయం కాదా?

కొందరు కుటుంబాలవారు, “మా సర్టిఫికెట్లలో హిందువులని ఉన్నది, మాకు ఆ చట్టం వర్తించదు” అంటారు. షెడ్యూల్డు కులాల విషయమై 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వలన మన పల్లెలలో ఈ చిక్కు ఉన్నదని అందరికీ తెలుసు. ఏ చట్టం తమకు వర్తిస్తుందో న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి. అయితే హిందూ వారసత్వ చట్టం 1956 కూడా తండ్రి ఆస్తిలో కుమార్తెను వారసురాలిగా చేసింది. ఉమ్మడి ఆస్తిలో కూడా పాలు ఇస్తూ మన రాష్ట్రం 1986లోనూ, దేశమంతటికీ 2005లోనూ సవరణలు వచ్చినవి. వంతుల లెక్క మారవచ్చు గాని, ఏ చట్టం తెరిచినా కూతురి పేరు అందులో ఉన్నది.

“కట్నం ఇచ్చాము గదా?”

ఇది ప్రతి ఇంటిలో వినిపించే మాట. కట్నం 1961 నుండి నేరం. నేరమైన దానిని ఇచ్చి, న్యాయమైన దానికి చెల్లు వేయడం కుదరదు. పైగా ఆ కట్నం సొమ్ము కూతురి చేతికి వచ్చినదా? అత్తవారి అప్పులు తీర్చినదా? ఆమె కష్టం వచ్చి తిరిగి వచ్చిననాడు ఆ సొమ్ము ఆమెకు అన్నం పెట్టదు.

“పొలం వేరే ఇంటికి పోతుంది” అనే భయం మరొకటి. ఇది మోషే కాలమునాటి భయమే. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు సమాజమంతటి ఎదుట నిలిచి తండ్రి స్వాస్థ్యం అడిగారు. వారి మాట న్యాయమని దేవుడు తీర్పు ఇచ్చాడు. 36వ అధ్యాయంలో పెద్దలు ఇదే భయంతో వచ్చినప్పుడు, భూమి గోత్రంలోనే ఉండేటట్లు మార్గం చూపబడింది గాని, కుమార్తెల పాలు తీసివేయబడలేదు.

ఇండోనేషియాలోని సుమాత్రా దీవిలో కరో బటక్ అనే ప్రజలున్నారు. వారిలో చాలామంది ప్రొటెస్టెంటు క్రైస్తవులు, కొండ నేలల్లో సేద్యం చేసేవారు. కూతురు పెండ్లితో వేరే వంశానికి పోతుంది గనుక కొడుకులకే భూమి అనేది వారి పూర్వాచారం. 1961లో ఆ దేశపు సుప్రీంకోర్టు కరో కుమార్తెకు కూడా తండ్రి ఆస్తిలో పాలు ఉన్నదని తీర్పు ఇచ్చింది. అదే దీవిలో మినంగ్‌కబావ్ అనేవారిలో వంశపు భూమి తల్లినుండి కూతుళ్ళకే పోతుంది. అక్కడా పంటలు పండుతున్నాయి, కుటుంబాలు నిలుస్తున్నాయి. కాబట్టి కూతురికి ఇస్తే ఇల్లు కూలుతుందనే మాట నిజం కాదు.

మూడవ మాటలో మాత్రం న్యాయమున్నది. “44 సెంట్లు కోసి ఇస్తే ఎవరికి పనికి వస్తుంది?” నిజమే. కాని పాలు ఇవ్వడమంటే పొలం ముక్కలు చేయడమే కానక్కరలేదు. కాగితంలో అందరి పేర్లు ఉంచి, సేద్యం చేసే అన్న చెల్లెలికి ఏటా కౌలు ఇవ్వవచ్చు. సరియైన ధర కట్టి ఆమె పాలు కొనవచ్చు. ఆమె ఇష్టపూర్వకంగా వదులుకొంటే హక్కు విడుదల పత్రం రిజిస్టరు చేయించవచ్చు. ఇష్టం అనేది ఆమెదై ఉండాలి. “సంతకం పెట్టకుంటే పుట్టిల్లు లేదు” అని బెదిరించి తీసుకొన్నది ఇష్టం కాదు.

తండ్రులు బ్రతికి ఉండగానే

ఇంటి పెద్దలకు మా మనవి ఇదే. మీరు బ్రతికి ఉండగానే బిడ్డలందరినీ పిలిచి కూర్చోబెట్టండి. వీలునామా వ్రాస్తే చావు వస్తుందని భయపడవద్దు. వీలునామాకు ఇద్దరు సాక్షులు చాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాకపోయినా చేయించడం మేలు. సాక్షిగా సంతకం చేసినవారికి గాని, వారి భార్యకు లేదా భర్తకు గాని అందులో వ్రాసిన ఆస్తి చెల్లదు గనుక పొలం పొందేవారిని సాక్షులుగా పెట్టవద్దు. మీ కంటే ముందు కొడుకు చనిపోయి ఉంటే, 1925 చట్టంలో అతని పిల్లలకు పాలు ఉన్నదిగాని విధవ అయిన కోడలికి లేదు. ఆమెను జ్ఞాపకముంచుకొని వ్రాయండి. పంపకం జరిగితే నోటిమాటతో విడువక భాగపరిష్కార పత్రం రిజిస్టరు చేయించి, పాసుపుస్తకాలు మార్పించండి.

సంఘ పెద్దలు కూడా తీర్పరులుగా కూర్చున్నప్పుడు, గట్టు ఎక్కడ వేయాలని అడిగే ముందు, ఈ ఇంటి ఆడబిడ్డలు ఎక్కడ అని అడగాలి. లూకా 12వ అధ్యాయంలో పిత్రార్జితం పంచిపెట్టమని ఒకడు అడిగినప్పుడు ప్రభువు పంపకం చేయలేదు, లోభమును గూర్చి హెచ్చరించాడు. ఆ హెచ్చరిక అడిగిన చెల్లెలికే అని అన్నలు చదువుతారు. ఇవ్వని చేతికి కూడా అది వర్తించదా?

ఆ కుటుంబం సంగతి ఏమైనదని పాఠకులు అడుగుతారు. ఆ మరుసటి వారం తల్లి తానే బస్సెక్కి కలిగిరి వైపు ఆడబిడ్డ ఇంటికి, అక్కడినుండి కూతురి ఇంటికి వెళ్ళి వచ్చినది. ఆడబిడ్డ తన పాలు తనకు కావాలనే చెప్పింది. బావగారు ఇంకా సంతకం చేయలేదు; ఆయన మనసు కరగడానికి కాలం పడుతుంది. పెద్దకొడుకు బోరు ఇంకా పడలేదు. అయితే మొన్న క్రిస్మసుకు కూతురు పిల్లలతో వచ్చి పుట్టింటిలో రెండు రాత్రులు ఉన్నది. వెళ్ళేటప్పుడు తల్లి ఆ రేకు పెట్టె తెరిచి, పేర్లన్నీ వ్రాసిన ఆ కాగితం నకలు ఒకటి ఆమె చేతిలో పెట్టింది.

ప్రియ పాఠకులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత మీ ఇంటి పెట్టె కూడా ఒకసారి తెరవండి. పొలం ఎవరి పేరు మీద ఉన్నదో చూడండి. లెక్కలో ఎవరి పేరు మరచిపోయారో అది కూడా చూడండి.