కాపలా రాత్రుల్లో ముక్కలవుతున్న నిద్ర
గాఢనిద్ర నుంచి ఉలిక్కిపడి లేస్తే మెదడు తేరుకోవడానికి సమయం

కురుపాం: ఏనుగులు వచ్చాయన్న కేక వినగానే కళ్లంలో పడుకున్న రైతు లేచి నిలబడతాడు. అతని మెదడు మాత్రం ఇంకా నిద్రలోనే ఉంటుంది. ఎటు పరుగెత్తాలో తోచని ఆ కొద్ది నిమిషాలే ప్రాణాల మీదకు తెస్తాయి. 2018లో ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగుల గుంపు కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి మండలాల్లో సంచరించి వరి, చెరకు, అరటి పంటలను నాశనం చేసింది. మనుషులనూ బలిగొంది. నాటి నుంచి పంట చేతికొచ్చే వేళ రాత్రి కాపలా అనేకమందికి తప్పనిసరైంది.

తలపై ఎలక్ట్రోడ్లు అమర్చి తీసే ఈఈజీలో నిద్ర దశలు స్పష్టంగా కనిపిస్తాయి. మానవ మెదడు తరంగాలను ఈ విధంగా తొలిసారి 1924లో జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ నమోదు చేశారు. మెలకువగా పనిలో ఉన్నప్పుడు సెకనుకు 13 నుంచి 30 వరకు బీటా తరంగాలు ఉంటాయి. కళ్లు మూసి సేదదీరితే అవి 8-13 ఆల్ఫాకు, కునుకు పడితే 4-7 థీటాకు తగ్గుతాయి. ఈ కునుకులో ఉన్నవారిని లేపితే అసలు నిద్రే పోలేదని వాదించడం అందరికీ అనుభవమే. తరువాత తేలిక నిద్ర, ఆపై గాఢనిద్ర. ఇందులో డెల్టా తరంగాలు సెకనుకు ఒకటి రెండుగా, పెద్ద పెద్దగా సాగుతాయి. శరీరం సేదదీరేది ప్రధానంగా ఈ దశలోనే.

కలలు ఎక్కువగా వచ్చే దశను 1953లో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ వెల్లడించారు. కనుగుడ్లు వేగంగా కదులుతాయి, తరంగాలు మెలకువను పోలి ఉంటాయి, కండరాలు మాత్రం పట్టు సడలుతాయి. ఈ దశలన్నీ కలిసిన ఆవృతం సుమారు 90 నిమిషాలు. రాత్రికి నాలుగైదు సార్లు తిరుగుతుంది. తొలి భాగంలో గాఢనిద్ర, తెల్లవారుజామున కలల నిద్ర అధికం.

గంటకోసారి లేస్తే ప్రతిసారీ మళ్లీ కునుకు దశ నుంచే మొదలుపెట్టాలి. ఆరు గంటలు పడుకున్నా ఒళ్లు తేలికపడకపోవడానికి కారణమిదే. ఏనుగుకు ఈ ఇబ్బంది తక్కువే. బోట్స్వానాలో రెండు అడవి ఏనుగులను పరిశీలించగా రోజుకు సగటున 2 గంటలే నిద్రించినట్లు 2017లో తేలింది.

కనుక గంటకొకరు వంతులు మార్చుకోవడం కన్నా రాత్రిని రెండు భాగాలు చేసుకోవడం మేలు. అర్ధరాత్రి దాటాక పడుకున్నా శరీరం ముందుగా గాఢనిద్రనే తీసుకుంటుంది. ఆ నిద్రలో ఉన్నవారు పూర్తిగా తేరుకోవడానికి ఒక్కోసారి అరగంట పడుతుంది. అందువల్ల గుంపు దగ్గరలో ఉందని తెలిసిన రాత్రి పొలంలో కాక ఊళ్లోనే పడుకోవాలి. ఎవరినైనా లేపవలసి వస్తే పేరు పెట్టి పిలిచి, మాట్లాడించి, ఏనుగు ఏ దిక్కున ఉందో చెప్పాకే కదలనివ్వాలి.