పట్టు కొత్త చీర అంటామా?

షాపుకెళ్లి ‘కొత్త పట్టు చీర చూపించండి’ అంటాం. ‘పట్టు కొత్త చీర’ అని ఎవరూ అనరు. ‘పెద్ద నల్ల కుక్క’ అంటాం కానీ ‘నల్ల పెద్ద కుక్క’ అనం. ఈ వరసను ఏ మాస్టారూ నేర్పలేదు. వినీ వినీ చెవికి అలవాటైంది. ఇంగ్లిష్‌లో అడ్జెక్టివ్స్‌కూ ఇలాంటి వరసే ఉంది.

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ చిన్నప్పుడు ఓ కథలో ‘గ్రీన్ గ్రేట్ డ్రాగన్’ అని రాశారు. అలా కాదు, ‘గ్రేట్ గ్రీన్ డ్రాగన్’ అనాలని వాళ్లమ్మ సరిదిద్దారు. ఎందుకలా అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నానని ఆయన 1955లో ఓ లేఖలో చెప్పుకొన్నారు. కాబట్టి తడబడితే సిగ్గుపడక్కర్లేదు.

వరస ఇదీ...
1. అభిప్రాయం: నైస్, యూజ్‌ఫుల్
2. సైజు: బిగ్, స్మాల్
3. వయసు: న్యూ, ఓల్డ్
4. ఆకారం: రౌండ్, స్క్వేర్
5. రంగు: రెడ్, బ్లూ
6. ఎక్కడిది: ఇండియన్, జపనీస్
7. దేనితో చేసింది: వుడెన్, కాటన్
8. ఎందుకు వాడతాం: రన్నింగ్, స్లీపింగ్

బట్టీ పట్టే ముందు కిటుకు గమనించండి. టేబుల్ చెక్కదన్న సంగతి ఎవరు చూసినా మారదు. అందుకే ‘వుడెన్’ నౌన్ పక్కనే ఉంటుంది. అందంగా ఉందా లేదా అన్నది చూసేవాళ్లను బట్టి మారుతుంది. అందుకే ‘బ్యూటిఫుల్’ దూరంగా, అందరికంటే ముందు నిలబడుతుంది. అప్పుడది ‘ఎ బ్యూటిఫుల్ స్మాల్ వుడెన్ టేబుల్’ అవుతుంది.

వరస తప్పితే ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. ‘బ్లూ రన్నింగ్ షూస్’ అంటే పరుగెత్తడానికి వాడే నీలం బూట్లు. ‘రన్నింగ్ బ్లూ షూస్’ అంటే బూట్లే పరుగెడుతున్నట్టు!

రెజ్యూమెలోనూ ఇదే జాగ్రత్త. ‘మొబైల్ సింపుల్ యాప్’ కాదు, ‘సింపుల్ మొబైల్ యాప్’ తయారుచేశానని రాయండి. నౌన్ ముందు అంకెతో కలిసి అడ్జెక్టివ్‌గా వచ్చే మాటకు ‘ఎస్’ చేర్చొద్దు. ‘ఎ ఫోర్ ఇయర్స్ కోర్స్’ తప్పు, ‘ఎ ఫోర్-ఇయర్ కోర్స్’ ఒప్పు. ‘ది ఫస్ట్ టూ చాప్టర్స్’ అనాలి, ‘ది టూ ఫస్ట్ చాప్టర్స్’ కాదు.

పోటీ పరీక్షల్లో తప్పులు గుర్తించే ప్రశ్నలకు ఈ వరస పనికొస్తుంది. ఎస్ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. ఊహించి టిక్ పెట్టే కంటే వరస తెలిసి పెట్టడం మేలు కదా!

అలాగని ఒకే నౌన్ ముందు ఐదారు పేర్చకండి. రెండు మూడు చాలు. ఈ రోజే మీ గదిలో ఐదు వస్తువులు ఎంచుకుని, ఒక్కోదానికి రెండు అడ్జెక్టివ్స్ పెట్టి పైకి చెప్పండి. వారం రోజులు చేస్తే మీ చెవే తప్పు పట్టేస్తుంది, ‘పట్టు కొత్త చీర’ విన్నప్పుడు పట్టినట్టే.