పిడికెడు బియ్యం నేర్పిన పాఠం

మా వంటింట్లో గ్యాస్ పొయ్యి పక్కన ఇప్పటికీ ఒక చిన్న మట్టికుండ ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లు "ఇదేంటండీ, ఉప్పు కుండా?" అని అడుగుతుంటారు. కాదు. అది మా అత్తమ్మ కుండ. పూటపూటా బియ్యం కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి అందులో వెయ్యాలి. ఆ తర్వాతే ఎసరు సంగతి. ఆదివారం ఆ బియ్యం మూటగట్టి గుడికి తీసుకెళ్లాలి. మావైపు చాలామందిమి చర్చిని గుడి అనే అంటాం లెండి. అత్తమ్మ పోయి పదేళ్లు దాటింది. కుండ ఒకసారి పగిలితే ఇంకోటి కొన్నాను గానీ, అలవాటు మానలేదు.

మొన్నామధ్య పక్కింటావిడ మాటల్లో అడిగింది... "మతం మారినంత మాత్రాన మనిషి మారతారా వదినా? దేవుణ్ణి నమ్ముకుంటే బతుకు మారిపోతుందంటారు కదా మీవాళ్లు, నిజంగా మారుతుందా?" అని. చప్పున జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే, నేనూ చాలా ఏళ్లు అదే ప్రశ్న వేసుకున్నదాన్నే!

పుట్టుకతో వచ్చిన విశ్వాసం

నేను పుట్టుకతోనే క్రైస్తవురాలిని. వరంగల్‌లో పెరిగాను. క్రిస్మస్‌కి కొత్తబట్టలు, కేకు. గుడ్‌ఫ్రైడేకి తెల్లచీర. పరీక్షల ముందు గట్టిగా ప్రార్థన. భక్తి అంటే నాకు తెలిసింది అంతే. 1985లో పెళ్లయి డోర్నకల్ దగ్గర పల్లెకు కాపురానికి వచ్చాను.

డోర్నకల్ అంటే చాలామందికి రైల్వే జంక్షనే గుర్తొస్తుంది. మాకు మాత్రం అక్కడి పెద్ద గుడి గుర్తొస్తుంది. గుమ్మటాలు చూస్తే మసీదులా, చెక్కిన స్తంభాలు చూస్తే దేవాలయంలా ఉంటుంది. దాన్ని కట్టించింది బిషప్ అజరయ్యగారు. తమిళనాడు తిరునల్వేలి వైపు నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెపల్లెకూ తిరిగిన మనిషి. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. 1939లో ఆ గుడి ప్రతిష్ఠ జరిగింది. 1945లో ఆయన కాలం చేశారు. ఆయన వెంట నడిచినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటల జనం. రోజు కూలికి పోతేగానీ పొయ్యి వెలగనివాళ్లు. అలాంటివాళ్లతో ఆయన "మీరు పేదవాళ్లు కాబట్టి ఇవ్వక్కర్లేదు" అనలేదు. ఉన్నదాంట్లోనే ఇవ్వడం నేర్పారు. ఆడవాళ్ల చేతిలో డబ్బు ఉండదు కదా, బియ్యం ఉంటాయి. అలా వచ్చింది పిడికెడు బియ్యం పద్ధతి.

అత్తమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు అజరయ్యగారిని దూరం నుంచి చూసిందట. "దేవుని మనిషిని చూసిన గని, దేవుడు నాకు తెల్వడానికి ఇంకా ముప్పై ఏండ్లు పట్టింది బిడ్డా" అని నవ్వేది.

అక్షరం కూడబలుక్కుంటే...

వయసులో ఉన్నప్పుడు మా అత్తమ్మ గయ్యాళి అని ఊళ్లో పేరు. ఈ మాట నాకు చెప్పింది వేరేవాళ్లు కాదు, అత్తమ్మే! పొలం గట్టు తగాదాలో తోడికోడలితో పదకొండేళ్లు మాటల్లేవు. ఎదురుపడితే ఉమ్మేసి పోయేదట.

ఆవిడకు ముప్పై అయిదేళ్లప్పుడు, బైబిల్ ఉమన్ అని పిలిచే ఒకావిడ పేటలోకి వచ్చేది. పగలంతా మిరప తోటల్లో కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లను సాయంత్రం దీపం కింద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. అత్తమ్మ పిల్లల పలక తీసుకుని వెళ్లింది. ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. మొట్టమొదట చదివింది పరలోక ప్రార్థన. అది చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిందే. కానీ వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుతూ ఒకచోట ఆగిపోయిందట. మనం ఎదుటివాళ్ల తప్పులు క్షమించినట్టే దేవుడు మన తప్పులు క్షమించాలి అని అడిగే చోట.

"రోజూ నోటితోని అడుగుతనే ఉన్న. ఏం అడుగుతున్ననో ఇన్నేండ్లు తెల్వలే. నేను మా తోడికోడలిని చూసినట్టే దేవుడు నన్ను చూస్తే నా గతేంది?"

ఆ శనివారం గిన్నెలో చింతకాయ తొక్కు పెట్టుకుని తోడికోడలి ఇంటికి వెళ్లింది. ఆవిడ తలుపు తియ్యలేదు. మళ్లీ శనివారం వెళ్లింది. తియ్యలేదు. మూడోవారం తలుపు తీసి, "ఎవరన్న సచ్చిన్రా?" అని అడిగిందట! నేను కాపురానికి వచ్చేసరికి ఆ ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు. ఒకప్పుడు పదకొండేళ్లు మాట్లాడుకోలేదంటే నేను నమ్మలేదు.

నా కోడలు పోలేదు

1996లో మా ఆయన పచ్చకామెర్లు ముదిరి చనిపోయారు. అప్పటికి నా పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లు, చిన్నదానికి ఆరు. మట్టి చేసి వచ్చాక బంధువుల్లో పెద్ద ఆడవాళ్లు నలుగురు నా దగ్గరికి వచ్చారు. గాజులు తియ్యాలి, బావి దగ్గరికి రా అన్నారు. మతం మారినా ఆచారాలు ఎక్కడికి పోతాయి చెప్పండి? నాకు ఏదీ తెలియని స్థితి. లేచి వెళ్లబోయాను.

అంతవరకూ కొడుకు చొక్కా పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్న అత్తమ్మ లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు పోయిండు. నా కోడలు పోలేదు. గాజులు తియ్యొద్దు" అంది. అంతే. ఎవరూ మారు మాట్లాడలేదు. నెల తిరక్కుండానే ఊళ్లో పెళ్లి ప్రార్థనకు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టింది.

తర్వాత ఎప్పుడో అడిగాను, అంత ధైర్యం ఎక్కడిదని. బైబిల్ ఉమన్ చెప్పిన పండిత రమాబాయి కథ గుర్తుందంది. సంస్కృతం చదువుకున్న బ్రాహ్మణ స్త్రీ. పాతికేళ్లు నిండకముందే భర్త పోయాడు. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకుంది. 1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ పెట్టింది. తర్వాత కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ స్థాపించి, దిక్కులేని ఆడవాళ్లకు నీడ ఇచ్చింది. "అంత సదువుకున్నామె అంతమందిని కాపాడింది. నేను ఒక్కదాన్ని కాపాడలేనా?" అంది అత్తమ్మ.

అర ఎకరం

ఇంతవరకూ చెప్పింది అత్తమ్మ విశ్వాసం. ఇక నాది చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మా ఆయన పోయినరోజే మా పెద్ద ఆడబిడ్డ అందరి ముందూ "నీ పాదం మంచిది కాదు. మా తమ్ముణ్ణి మింగినవ్" అంది. ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. ఆవిడ వస్తే నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని.

1998లో పొలం పంపకాలు వచ్చాయి. మామయ్యది ఎకరంన్నర. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. ఊళ్లో పెద్దమనుషులు, మగపిల్లాడి వాటా కాబట్టి నా పిల్లలకే చెందుతుంది, ఆడబిడ్డకు ఓ చీర పెట్టి పంపండి అన్నారు. నాకూ అదే న్యాయంగా తోచింది. అత్తమ్మ మాత్రం మా అయ్యగారిని, అంటే పాస్టరుగారిని అడిగింది. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడోవంతు, మిగిలింది కొడుకులకూ కూతుళ్లకూ సమానం అని ఆయన చెప్పారు. అంటే అత్తమ్మకు అర ఎకరం, మా ఆయన వాటాగా నాకూ పిల్లలకూ అర ఎకరం, ఆడబిడ్డకు అర ఎకరం.

"అత్తమ్మా, నన్ను అంత మాట అన్నామెకు నా పిల్లల నోటికాడిది పెడతవా?" అని అరిచాను. జీవితంలో ఆవిడ మీద అరిచింది ఆ ఒక్కసారే.

"అది మాట జారింది. తప్పే. మాట జారిందని వాటా తగ్గదు బిడ్డా."

సంతకం పెట్టాను. పెట్టి, గుడికి వెళ్లడం మానేశాను. బియ్యం వెయ్యడం కూడా మానేశాను. నా మొగుణ్ణి తీసుకుపోయి, నా పొలం తీసుకుని, ఇంకా నా బియ్యం కూడా కావాలా దేవుడికి? అనుకున్నాను. అంగన్‌వాడీలో పని, ఇల్లు, పిల్లలు. ప్రార్థన లేదు. అత్తమ్మ ఒక్క మాట అనలేదు.

నాలుగైదు నెలల తర్వాత ఒకరోజు పొద్దున్నే చూశాను. ఆవిడ కుండలో ఒక పిడికెడు వేసింది. కాసేపాగి ఇంకో పిడికెడు వేసింది. "రెండెందుకు?" అన్నాను.

"ఇది నీది. నీకు మనసయ్యేదాకా నీది కూడ నేనే ఏస్తున్న. ఎప్పుడన్న మనసైతే నువ్వే ఏసుకో."

ఆవిడ ఒక్క బోధ చెయ్యలేదు. వాక్యం చదివి వినిపించలేదు. ఆరోజు వెనకింట్లోకి పోయి ఏడ్చాను. మర్నాటి నుంచి నా పిడికెడు నేనే వేశాను. మనస్ఫూర్తిగా వేశానని అబద్ధం చెప్పను. చెయ్యి వేసింది, మనసు వెయ్యలేదు.

2002లో ఆడబిడ్డ భర్త తాగుడుకు బానిసై, ఇల్లు వదిలి పోయాడు. ఆవిడ కొడుకుని వెంటబెట్టుకుని మా ఊరికే తిరిగొచ్చింది. ఆ అర ఎకరమే ఆవిడకు ఆధారం అయింది. నేను వద్దన్న అర ఎకరం! అదే లేకపోతే ఆ తల్లీకొడుకుల గతేమిటి? ఎండలో ఒక్కతే మిరపకాయలు ఏరుతున్న ఆవిడను చూస్తుంటే నా మనసు కలుక్కుమంది. ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలో అన్నం, పప్పు పెట్టుకుని గట్టు మీదికి వెళ్లాను.

"వదినా, అన్నం తిను" అన్నాను. ఆరేళ్లలో అదే మొదటి మాట.

ఆవిడ డబ్బా మూత తియ్యకుండా చాలాసేపు అలాగే కూర్చుంది. "ఆనాడు నా నోరు పడిపోయినా బాగుండేది" అంది చివరికి. ఇద్దరం అక్కడే కూర్చుని తిన్నాం.

ముల్లు ఆ ఒక్కరోజుతో పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఎప్పుడన్నా కలుక్కుమంటుంది. అయితే ఒకటి తెలిసింది. మనసు మారేదాకా ఆగి మంచి చేద్దామనుకుంటే ఆ రోజు రాదు. ముందు చెయ్యి కదిలితే మనసు మెల్లగా దాని వెనకే వస్తుంది. అత్తమ్మ చింతకాయ తొక్కుతో మూడువారాలు తిరిగింది అందుకే కాబోలు.

అందరూ మారతారా?

అందరూ ఇలాగే ఉంటారని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. గుళ్లో పక్కపక్కన కూర్చుని, పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి కులం చూసేవాళ్లు మాలోనూ ఉన్నారు. ప్రభువు బల్లలో పాలుపంచుకుని, సాయంత్రం తాగొచ్చి భార్యను కొట్టేవాళ్లను చూశాను. గుడి ఊడ్చేదీ, బియ్యం తెచ్చేదీ ఆడవాళ్లు, కమిటీలో కూర్చునేది మగవాళ్లు.

నమ్మకానికి ఖరీదు కూడా ఉంటుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చారు గానీ మాకు ఇవ్వలేదు. మాకు బీసీ-సి సర్టిఫికెట్టే. కాగితం మీద ఒకటి, గుళ్లో ఒకటిగా బతికేవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్ల ఇబ్బందులు వాళ్లవి. అత్తమ్మ మాత్రం నా పిల్లల విషయంలో "ఉన్నదే రాయించు" అంది. అలాగే రాయించాను. దానివల్ల నష్టం జరగలేదని అనను.

మంచి కబుర్లూ ఉన్నాయి. 2013లో నంద్యాల డయాసిస్‌కు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్ మన తెలుగావిడే! పేపర్లో చదివి వినిపిస్తే, ఎనభై దాటిన అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని "ఆడమనిషి బిషప్పా! ఇంకోసారి సదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది. మరుసటి ఏడాదే కన్నుమూసింది. పాడె వెంట వెక్కివెక్కి ఏడుస్తూ నడిచినవాళ్లలో ఆ తోడికోడలి కొడుకులు కూడా ఉన్నారు.

పక్కింటావిడకు చెప్పిన జవాబు

నా పెద్దమ్మాయి ఇప్పుడు హైదరాబాద్‌లో నర్సు. మొన్న వెళ్లినప్పుడు వాళ్ల వంటింట్లో ఒక ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. తీసి చూస్తే బియ్యం. "నువ్వు కూడానా?" అన్నాను. "నానమ్మ గుర్తొస్తుందమ్మా. పైగా డ్యూటీలో ఎవరి మీదన్నా కోపం వచ్చినరోజు రెండు పిడికిళ్లు వేస్తాను" అంది నవ్వుతూ.

పక్కింటావిడతో చివరికి ఇదే చెప్పాను. "వదినా, బతుకు మారుతుందా అని అడిగావు కదా. మొగుడు తిరిగి రాలేదు, పొలం పెరగలేదు, కష్టాలు ఆగలేదు. కానీ మా అత్తమ్మ ఒకప్పుడు ఎట్లాంటిదో, చివరికి ఎట్లాంటిదైందో చూశాను. నేనెట్లాంటిదాన్నో నాకు తెలుసు. ఆవిడ దగ్గర లేకపోతే ఇంకెట్లా తయారయ్యేదాన్నో కూడా తెలుసు."

ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే ఆ కుండలో వెయ్యడానికి క్రైస్తవులే కావాలా ఏంటి?" అంది.

అక్కర్లేదని చెప్పాను. ఆదివారం మా గుళ్లో పోగైన బియ్యం ఎవరికి అవసరమైతే వాళ్లకి వెళ్తాయి. వాళ్లు ఏ దేవుణ్ణి మొక్కుతారో ఎవరూ అడగరు. ఈమధ్య శనివారం సాయంత్రం ఆవిడ కూడా చిన్న గిన్నె పట్టుకుని మా గడపలోకి వస్తోంది. ఇద్దరి బియ్యం ఒకే మూటలో కడుతున్నాను.