లెట్యూస్‌లో ఆకుమచ్చ, బూజు తెగులు: మందు కన్నా ముందు తడి చూసుకోండి

చలికాలంలో లెట్యూస్ వేసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "ఆకు మీద మచ్చలొస్తున్నాయి, ఏం కొట్టాలి?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే: పొద్దున ఎన్నింటికి ఆకు ఆరుతోంది?

ముందు ఆకు తిప్పి చూడండి. పైన ఈనెల మధ్య లేత పసుపు మచ్చ, అడుగున తెల్లటి బూజు ఉంటే అది బూజు తెగులు. గోధుమరంగు మచ్చలో సన్నటి నల్ల చుక్కలుంటే సెప్టోరియా ఆకుమచ్చ. బూజు గాలితో వస్తుంది. ఆకుమచ్చ విత్తనంతోనూ, నీటి చిందులతోనూ పాకుతుంది. రెండింటికీ బలం ఆకు మీద గంటల తరబడి నిలిచే తడే.

అందుకే స్ప్రింక్లర్ ఆపి డ్రిప్ పెట్టండి. సాయంత్రం తడి ఇవ్వొద్దు. మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఉంచండి. గడ్డి ఆచ్ఛాదన వేస్తే మట్టి చింది ఆకుకు అంటదు. మచ్చపడిన కింది ఆకుల్ని, మంచు ఆరాక గిల్లి, మడికి దూరంగా పూడ్చేయండి. అదే మడిలో వెంటనే మళ్లీ లెట్యూస్ వద్దు.

నేను 100 లీటర్ల నీటికి 6 లీటర్ల పుల్లటి మజ్జిగ కలిపి, వడగట్టి, వారానికోసారి పొద్దున్నే కొడతాను. మచ్చపడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకును కాపాడుకోవడానికే ఇది. కోతకు వారం ముందు ఆపేస్తాను.

ఒక్కటి మర్చిపోవద్దు. లెట్యూస్ పచ్చిగా తినే ఆకు. పేడ, మూత్రం కలిసినవేవీ ఆకు మీద కొట్టొద్దు. జీవామృతం నాటకముందే నేలకు ఇచ్చేయండి.

రెండు మచ్చల తేడా కింది వీడియోలో దగ్గర నుంచి చూపించాను, చూడండి.