జొన్నరొట్టె చేసేదెవరు?

కర్నూలు ప్రాంతంలోని ఒక గ్రామీణ శాఖలో పనిచేస్తున్నప్పుడు, పంట రుణం కోసం వచ్చిన రైతు ఒకాయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "కొర్రలు పండిస్తాం సార్. ఇంట్లో మాత్రం వరన్నమే."

ఆ రాత్రి మా వంటింటి డబ్బాలు తెరిచి చూశాను. సన్నబియ్యం, గోధుమపిండి, ఓట్స్. చుట్టుపక్కల మెట్టపొలాల్లో పండేది ఒక్కటీ లేదు.

జొన్న, కొర్ర వానల మీదే పండుతాయి. వరికి నిలువ నీరు కావాలి. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. బియ్యంలో అందులో పదో వంతు కూడా ఉండదు. మన దేశం ప్రతిపాదిస్తేనే ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది.

మేనేజ్‌మెంట్ చదివినవాణ్ణి కదా! ఆదివారం ప్రణాళిక వేసి, సోమవారం నుంచే అమల్లో పెట్టాను. రోజూ రాత్రి అందరికీ జొన్నరొట్టే. మూడో రోజుకి మా అబ్బాయి కంచం పక్కకు నెట్టాడు. అమ్మకు అరగలేదు. నా భార్యా ఉద్యోగస్తురాలే. "నిర్ణయం మీది. పెనం దగ్గర నిలబడేది నేను" అంది.

ఎవరి మీద ఎంత పని పడుతుందో చూడకుండా పైనుంచి సర్క్యులర్ వస్తే శాఖలో మనమే విసుక్కుంటాం. ఇంట్లో నేను చేసింది అదే.

మళ్లీ మొదలుపెట్టాం, వారానికి రెండు పూటలే. రాత్రి పడుకునే ముందు కొర్రలు కడిగి నానబెట్టడం నా పని. నానితేనే అన్నం మెత్తగా ఉడుకుతుంది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మరిగే నీళ్లు పోసి కలిపితేనే రొట్టె విరగదు. ఈ కిటుకు అమ్మ చెప్పింది. చేత్తో తట్టడం నాకూ మనవడికీ నేర్పింది. మొదటి రొట్టెలు దేశపటాల్లా వచ్చాయి. తను తట్టిన రొట్టె కాబట్టి వాడు వదలకుండా తిన్నాడు. అమ్మకు మాత్రం పలుచని రాగిజావ.

శనివారం సాయంత్రం రైతుబజారుకు వెళ్తాం. ఆ రోజు ఏ ఆకుకూర బాగుంటే అదే తెస్తాం. పండ్లు ఎంచేది అబ్బాయి: వేసవిలో మామిడి, వానలు తగ్గాక సీతాఫలం.

వరన్నం మానలేదు. పెరుగన్నం లేనిదే మా ఇంట్లో భోజనం ముగియదు. అయినా బియ్యం బస్తా మునుపటికంటే ఎక్కువ రోజులు వస్తోంది.

మీ ఇంట్లోనూ మార్పు తేవాలనుకుంటే, ఏం తినాలో చెప్పే ముందు మీరు ఏ పని అందుకుంటారో చెప్పండి.